నలుగురం మొదలుపెట్టాం, ముగ్గురమే మిగిలేలా ఉన్నాం: మా స్టీమ్‌పంక్ స్కర్మిష్ ఆట ఎక్కడ దెబ్బతింది?

ఆవిరిబండి (#1)

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మేం నలుగురు స్నేహితులం. నాలుగు నెలల క్రితం మినియేచర్లతో ఆడటం మొదలుపెట్టాం. స్కర్మిష్ అంటే చిన్న దండుల కొట్లాట కదా, పెద్ద సైన్యాలేం కాదు, ఒక్కొక్కరికి 8 బొమ్మలు, 28 మి.మీ. సైజువి. మూడడుగుల చదరపు బల్ల. లోకం మేమే కల్పించుకున్నాం: మంత్రాలూ, ఆవిరి యంత్రాలూ రెండూ ఉండే ఒక పాడుబడ్డ నగరం. నా దండులో వీపున బాయిలర్ మోసే ఇనుప మనిషి ఒకడు, గాగుల్స్ పెట్టుకున్న ఇంజనీరమ్మ, మిగతా అంతా తుపాకులవాళ్ళు. ఒకడిది అస్థిపంజరాలను లేపే మంత్రగత్తె ముఠా. ఇంకొకడివి మరుగుజ్జులు, వాళ్ళ గొడ్డళ్ళకి కూడా గొట్టాలూ ప్రెజర్ గేజీలూ ఉంటాయి. నాలుగోవాడిది ఒక ముసలి మాంత్రికుడు, ఆయన శిష్యురాలు, ఆరుగురు కిరాయి బంట్లు.

రూల్స్ రెండు మూడు ఆటల నుంచి నచ్చినవి ఏరుకుని అతికించుకున్నాం. కొట్లాటలో ఇద్దరూ చెరో 20 ముఖాల పాచిక వేసి తమ బలం కలుపుతారు, ఎక్కువ వచ్చినవాడిది పైచేయి. తన వంతు రాగానే ఒక్కొక్కరు 8 బొమ్మల్నీ కదిపేస్తారు, అప్పుడు పక్కవాడి వంతు. నిధి పెట్టెలు పట్టుకుపోయినవాడు వాటితో కొత్త ఆయుధాలు కొనుక్కుంటాడు, అవి తర్వాతి ఆటకి కూడా ఉంటాయి.

మొదటి రెండు ఆటలు అదిరిపోయాయి. ఇప్పటికి ఆరు అయ్యాయి, మరుగుజ్జులవాడు ఐదు గెలిచాడు. వాడి నాయకుడు ఎటు నడిస్తే అటు దారి ఇవ్వడమే మా పని అయిపోయింది. నాలుగోవాడు పోయిన వారం రాలేదు, ఈ వారం కూడా ఏదో పనుందట. అడిగితే "మీరు కానివ్వండిరా" అంటున్నాడు. వరసగా ఓడిపోయి మనసు విరిగిందని నా అనుమానం.

గెలిచేవాడి దూకుడు తగ్గించే రూల్ ఏదైనా ఉంటే చెప్పండి. ఆట ఆగిపోతుందేమోనని నిజంగానే టెన్షన్‌గా ఉంది.

నియమమే_నియమం (#2)

ఇంట్లో కలిపిన రూల్స్ కదా, ఇలాగే అవుతుంది. ఎవరో ఏళ్ళ తరబడి ఆడి, పరీక్షించి రాసిన పుస్తకం ఒకటి తీసుకుని అక్షరం మార్చకుండా ఆడండి. సగం గొడవలు పోతాయి.

పాచికలశాస్త్రి (#3)

నియమం గారూ, మొదటి పోస్టుకే మనిషిని బెదరగొట్టకండి :)

తమ్ముడూ, ముందు పాచికల మీద అనుమానం తీర్చుకుందాం. చాలామంది తప్పు దాని మీదకే నెడతారు కాబట్టి. 20 ముఖాల పాచికలు రెండు ఎదురెదురుగా పడితే మొత్తం 400 జతలు. మరుగుజ్జు నాయకుడికి మీ బంటు కంటే 3 ఎక్కువ బలం ఉందనుకోండి. 247 జతల్లో అతను గెలుస్తాడు, 17 సమానం, 136 జతల్లో మీ బంటు గెలుస్తాడు. అంటే వందకి 34 సార్లు బక్కవాడిదే పైచేయి. అదే ఆరు ముఖాల పాచికలు చెరో రెండు వేసి కలిపితే, ఆ 3 తేడాకే బక్కవాడి గెలుపు వందకి 16కి పడిపోతుంది. రెండు పాచికలు కలిపితే ఫలితాలు మధ్యకి గుమిగూడతాయి, చిన్న తేడా కూడా కొండంత అవుతుంది.

కాబట్టి మీ పాచిక ఇప్పటికే బక్కవాడి పక్షానే ఉంది. అయినా ఒకడే ఆరింట ఐదు గెలుస్తున్నాడంటే తేడా బల్ల మీద లేదు, ఆటకీ ఆటకీ మధ్య జరిగే కొనుగోళ్ళలో ఉంది. గెలిచినవాడికే నిధి, నిధి ఉన్నవాడికే గెలుపు.

1999లో వచ్చిన మోర్డ్‌హైమ్ అనే ఆట దీనికి రెండు మందులు వేసింది. బలం తక్కువున్న ముఠా బలమైన ముఠాతో తలపడితే గెలుపోటములతో పని లేకుండా అదనపు అనుభవం వస్తుంది. రెండోది ఇంకా తెలివైనది: ముఠాలో మనుషులు పెరిగేకొద్దీ, అదే సరుకు అమ్మినా చేతికొచ్చే లాభం తగ్గుతుంది. తినే నోళ్ళు ఎక్కువ కదా.

నిప్పురవ్వ (#4)

బొమ్మల ఫొటోలు లేకుండా పోస్టు పెట్టడం నేరం. ఇనుప మనిషిని చూపించండి.

ఆవిరిబండి (#5)

@పాచికలశాస్త్రి గారూ, 34 శాతం అంటే నమ్మబుద్ధి కావట్లేదు, ఈసారి రాసి పెట్టుకుంటాను. తినే నోళ్ళ రూల్ మాత్రం అద్భుతం. మా లోకానికి తగ్గట్టు దాన్ని బొగ్గు చేస్తే ఎలా ఉంటుంది? ఆవిరితో నడిచే ప్రతి ఆయుధానికీ ఆటకి ఒక బొగ్గు బిళ్ళ ఖర్చు. బొగ్గు లేకపోతే ఆ రోజుకి అది ఉత్త ఇనుము.

@నిప్పురవ్వ గారూ, ఫొటో పెట్టాను. నవ్వకండి. ఇత్తడి అనుకుని వేసింది పసుపు పచ్చగా తేలింది.

కార్డుముక్క (#6)

బొగ్గు రూల్ బాగుంది బ్రో. కానీ పాచికలనే వదిలేయొచ్చుగా? మాలిఫో ఆడిచూడు. 2009 నుంచి ఉంది. స్టీమ్‌పంక్, భూతాలు, పాత పడమటి తుపాకులవాళ్ళు, అన్నీ కలిపిన లోకం. పాచికలే లేవు. ఒక్కొక్కరికి 54 ముక్కల పేక, అందులో రెండు జోకర్లు. ఎర్ర జోకర్ అన్నిటికంటే పైన, నల్ల జోకర్ సున్నా. చేతిలో ఆరు ముక్కలు పట్టుకుంటావు. పైనుంచి తిప్పిన ముక్క నచ్చకపోతే చేతిలోది వేసి దాన్ని మార్చేయొచ్చు. పాచిక పడ్డాక ఏం చేయగలం, నెత్తి కొట్టుకోవడం తప్ప. ఇక్కడ ఓడిపోయినా "ఆ పదమూడు దాచకుండా వేసి ఉంటే" అని మనల్ని మనమే తిట్టుకుంటాం.

పాచికలశాస్త్రి (#7)

శకుని కూడా పాచికలు వదిలి పేక పట్టేవాడు, ఈయన మాట వింటే.

అట్టముక్కల_మేస్త్రి (#8)

నాకో సందేహం. బల్ల ఫొటో పెట్టగలరా? రూల్స్ గురించి అందరూ మాట్లాడుతున్నారు, నేల ఎలా ఉందో ఒక్కరూ అడగలేదు.

ఆవిరిబండి (#9)

పెట్టాను మేస్త్రి గారూ. నాలుగు మూలల్లో నాలుగు భవనాలు, మధ్యలో ఒక ఫౌంటెన్.

అట్టముక్కల_మేస్త్రి (#10)

అనుకున్నంతా అయింది. అది నగరం కాదండీ, కంచె వేసిన మైదానం. ఒక మూల నుంచి ఫౌంటెన్ దాకా ఒక్క చాటు లేదు. ఇలాంటి బల్ల మీద తుపాకీ ఎక్కువున్నవాడికి ఒక లాభం, కవచం మందంగా ఉన్నవాడికి ఇంకో లాభం. మీ మరుగుజ్జులకి రెండూ ఉన్నట్టున్నాయి. ముసలి మాంత్రికుడు ఆ ఖాళీలో నడవడమంటే అభిమన్యుడు పద్మవ్యూహంలోకి నడిచినట్టే.

స్కర్మిష్‌లో బొమ్మలు తక్కువ కాబట్టి అడ్డాలు ఎక్కువుండాలి. నా లెక్క ఇదీ: ఏ బొమ్మయినా ఒక్క వంతు నడకలో ఏదో ఒక చాటుకి చేరగలగాలి. బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి సూటిగా కనిపించే సందు ఒకటో రెండో మించకూడదు. ఎత్తులు కూడా పెట్టండి. స్టీమ్‌పంక్ నగరమంటే పైన నడిచే ఇనుప వంతెనలే కదా దాని అందం. స్ట్రాలు ఆవిరి గొట్టాలవుతాయి, సీసా మూతలు గుండ్రటి కిటికీలవుతాయి, పాడైన గడియారం విప్పితే పళ్ళచక్రాలు బోలెడు. ఇవేవీ లేని రోజున పుస్తకాలు పేర్చి మీద దుప్పటి కప్పండి, గుట్టలు సిద్ధం.

ఒక్క జాగ్రత్త. థర్మోకోల్ మీద గానీ, గట్టి ఫోమ్ షీట్ల మీద గానీ స్ప్రే పెయింట్ నేరుగా కొట్టకండి. అందులోని ద్రావకం ఫోమ్‌ని తినేస్తుంది. నా మొదటి గడియార స్తంభం, పదకొండు రోజుల పని, కళ్ళముందే మైనంలా కుంగిపోయింది. ముందు తెల్లటి పీవీఏ జిగురులో నల్ల అక్రిలిక్ రంగు కలిపి బ్రష్‌తో రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాకే స్ప్రే.

నిప్పురవ్వ (#11)

పదకొండు రోజులా! నాది రెండు గంటల గోడ, దానికే ఏడ్చాను.

@ఆవిరిబండి, నవ్వలేదు. మీ ఇత్తడిలో రంగు తప్పేం కాదు, నీడ లేదంతే. దాని మీద ముదురు గోధుమ వాష్ (నీళ్ళలా పల్చగా చేసిన రంగు) పారించండి. రివెట్ల చుట్టూ, ప్లేట్ల అతుకుల్లోకి అదే దిగుతుంది. ఆరాక, బ్రష్‌కి వెండి రంగు అంటించి, కాగితం మీద తుడిచేసి, దాదాపు పొడి బ్రష్‌తో అంచుల మీద మాత్రం రాయండి. 20 నిమిషాల పని. పసుపు మనిషి ఇత్తడి మనిషి అవుతాడు.

కొత్తగా_చేరా (#12)

మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నా దగ్గర ఒక్క బొమ్మ కూడా లేదు. కాగితం మీద బొమ్మలు ప్రింట్ తీసి నిలబెట్టి ఆడితే తప్పా?

పాచికలశాస్త్రి (#13)

తప్పేం లేదు. 25 మి.మీ. గుండ్రటి అట్ట బిళ్ళ మీద నిలబెట్టండి, చాలా ఆటలకి అదే కొలత సరిపోతుంది. ఫ్రాస్ట్‌గ్రేవ్ లాంటివి ఏ కంపెనీ బొమ్మయినా పర్లేదంటాయి. ఎవరు మాంత్రికుడో ఎవరు బంటో ఎదుటివాడికి తెలిస్తే చాలు.

నియమమే_నియమం (#14)

కాగితం బొమ్మలకి చూపు అందుతుందా లేదా అని ఎలా తేలుస్తారు? పక్కకి తిరిగితే గీతంత ఉంటుంది. కాబట్టి బొమ్మని కాదు, బిళ్ళ నుంచి బిళ్ళకి కొలవాలని ముందే రాసుకోండి. ఇలాంటివి ఆట మొదలయ్యాక తేల్చుకుంటే స్నేహాలు పోతాయి. చూసి చెబుతున్నాను.

ఎడమచేతివాటం (#15)

మొదటి పోస్టులో ఉన్న ఆ నాలుగోవాణ్ణి నేనే.

ఒరేయ్ బండీ, నువ్వు ఇక్కడ రాస్తావని నాకు తెలీదు. గడియారం విప్పడం గురించి వెతుకుతుంటే మేస్త్రి గారి పోస్టు తగిలింది, పైకి వెళ్ళి చూస్తే నా ముసలాయన కథ.

ఓడిపోవడం వల్ల మనసు విరగలేదురా. చిన్నప్పటి నుంచి నీతో చదరంగంలో ఎన్నిసార్లు ఓడిపోయానో లెక్కుందా? ఐదో ఆట గుర్తు చేసుకో. రెండో వంతులోనే ముసలాయన పోయాడు. మూడు వారాలు కూర్చుని గడ్డంలో వెంట్రుక వెంట్రుకకీ రంగు వేశాను, పోనీ అనుకున్నా. తర్వాత శిష్యురాలు, బంట్లు ముగ్గురు. ఇంకో ముగ్గురు మిగిలారు. ఆట మాత్రం ఇంకో గంటన్నర సాగింది. నా వంతు వస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది, తర్వాత అరగంట మీ ముగ్గురినీ చూస్తూ కూర్చోవడం. చివర్లో "ఒరేయ్ నీదే" అని నువ్వే అరిచావు, నేను ఫోన్ చూసుకుంటున్నా. ఎవరిదో భవనం కూలిందని అందరూ గోల గోల చేశారు, అది ఎప్పుడు కూలిందో కూడా నాకు తెలీదు.

రానన్నది అందుకు. మరుగుజ్జులు గెలిస్తే గెలవనీ.

నిప్పురవ్వ (#16)

అయ్యో.

ఆవిరిబండి (#17)

ఒరేయ్. ముందే చెప్పొచ్చుగా.

ఎడమచేతివాటం (#18)

ఏమని చెప్పాలి? "బోర్ కొడుతోంది" అంటే ఓడిపోయినవాడి ఏడుపే అనుకుంటారు. నువ్వు అనుకున్నావు కూడా.

పాచికలశాస్త్రి (#19)

నేను నా లెక్కని వెనక్కి తీసుకుంటున్నాను. లెక్క సరైనదే, వేసిన చోటు తప్పు.

ఇంకో లెక్క చూడండి. ముగ్గురు ప్రత్యర్థులు, తలా 8 బొమ్మలు: 24. ఒక్కో బొమ్మకి నిమిషంన్నర పట్టినా 36 నిమిషాలు. ఎడమచేతి గారు అరగంట అన్నది అతిశయోక్తి కాదు. అందరూ నిండా బొమ్మలతో ఉన్నప్పుడు మీకూ ఇదే నిరీక్షణ. కాకపోతే ఆ తర్వాత మీకు 12 నిమిషాల ఆట ఉంటుంది కాబట్టి తెలియలేదు. ఆయనకి మూడు బొమ్మలే.

ఈ జబ్బు పాతదే. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికుల ఆటకి రూల్స్ రాసినప్పుడే ఒక్కో వంతుకి గడువు పెట్టాడు. ముప్ఫై మంది సైనికులకి ఒక నిమిషం, ఫిరంగికి ఒక నిమిషం. ఆ లెక్కన మీ ఎనిమిది మందికి నిమిషం కూడా రాదు!

కానీ గడియారం పెట్టి తొందర పెట్టడం కంటే, వంతునే ముక్కలు చేయడం మంచిది. నేను ఒక బొమ్మ కదుపుతాను, నువ్వు ఒకటి కదుపు. మాలిఫో అలాగే నడుస్తుంది.

కార్డుముక్క (#20)

నేను ఇందాకే చెప్పా మాలిఫో అని.

పాచికలశాస్త్రి (#21)

మీరు జోకర్ల గురించి చెప్పారు నాయనా, అసలు సంగతి చెప్పలేదు.

ఇంకో పద్ధతి సాంగ్ ఆఫ్ బ్లేడ్స్ అండ్ హీరోస్ అనే ఆటది, 2007 నాటిది. బొమ్మని కదిపే ముందు ఆరు ముఖాల పాచికలు ఒకటి, రెండు, మూడు ఎన్ని వేయాలో నువ్వే ఎంచుకుంటావు. పడ్డ ప్రతి విజయానికీ ఒక పని చేయొచ్చు. కానీ రెండు తప్పాయా, ఆ బొమ్మ పని అయ్యాక వంతు ఎదుటివాడికి పోతుంది. 4 లేదా పైన కావాల్సిన బొమ్మకి మూడు పాచికలు వేస్తే సరిగ్గా సగం సార్లు వంతు జారిపోతుంది. రెండే వేస్తే నాలుగింట ఒకసారి. అత్యాశకి పోయినవాడు తన చేతులతోనే ఆటని పక్కవాడికి అందిస్తాడు. ఇద్దరు ఆడితే దీన్ని మించింది లేదు. నలుగురైతే మాత్రం వంతు మళ్ళీ మనదాకా రావడానికి సమయం పడుతుంది, మీకు సరిపడకపోవచ్చు.

అట్టముక్కల_మేస్త్రి (#22)

నలుగురికైతే సంచీ పద్ధతి. ఒక్కొక్కరికి ఒక రంగు గోళీలు, ఎన్ని బొమ్మలుంటే అన్ని. సంచీలో కలిపి చూడకుండా తీయాలి. ఎవరి రంగు వస్తే వాళ్ళు ఒక బొమ్మ కదుపుతారు. 2012లో వచ్చిన బోల్ట్ యాక్షన్ ఇలా రంగు పాచికలతో చేస్తుంది. అది రెండో ప్రపంచ యుద్ధం ఆట, అయినా పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది. తర్వాత ఎవరిదో తెలియదు కాబట్టి ఎవరూ ఫోన్ పట్టుకోరు.

నియమమే_నియమం (#23)

ఆగండి. బొమ్మకో గోళీ అంటే, బొమ్మలు పోయినవాడికి గోళీలు కూడా పోతాయి. ముగ్గురు మిగిలినవాడికి మూడే. 27 గోళీలున్న సంచీలో మూడు. నిరీక్షణ తగ్గలేదు, ఎంతసేపో తెలియకుండా పోయిందంతే.

ఎడమచేతివాటం (#24)

నియమం గారు నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నారు.

ఆవిరిబండి (#25)

మరి గోళీలు తగ్గించకపోతే? ఒక్కొక్కరికి నాలుగే గోళీలు, ఆట చివరిదాకా నాలుగే. ఒక గోళీ వస్తే రెండు బొమ్మలు కదపొచ్చు. మొత్తం 16 గోళీలు, అందులో నాలుగు ఎప్పుడూ నీవే.

నియమమే_నియమం (#26)

ముగ్గురు మిగిలినవాడికి రెండు గోళీలతో అందరూ కదిలిపోతారు. మిగతా రెండు గోళీలు ఏం చేస్తాడు? ఒకే బొమ్మని ఒక రౌండులో మళ్ళీ కదిపితే అది అన్యాయం.

నిప్పురవ్వ (#27)

పాడుబడ్డ నగరం అన్నారు కదా, అందులో ఎవరూ ఉండరా? యజమానులు పోయినా ఇంకా తిరుగుతున్న యంత్రాలు, కీ ఇచ్చిన కుక్కలు, చెడిపోయిన క్రేను. మిగిలిన గోళీలతో వాటిని కదపమనండి.

పాచికలశాస్త్రి (#28)

ఇది నాకు తట్టాల్సింది! తల్లీ, దండం.

ఫ్రాస్ట్‌గ్రేవ్‌లో ప్రతి రౌండు చివర ప్రాణులకని ఒక దశ ఉంటుంది, అవి తమ రూల్ ప్రకారం అవే కదులుతాయి. ఇక్కడ వాటిని ఆట పోయినవాడి చేతికి ఇస్తున్నాం. పులిమేకలో మేకలు పోగొట్టుకున్నవాడి చేతికి ఇంకో పులిని ఇచ్చినట్టు.

నియమమే_నియమం (#29)

కక్ష తీర్చుకుంటాడు. నా ముసలాయన్ని చంపింది నువ్వే కదా అని రెండు యంత్రాల్నీ ఒకడి మీదకే తోలతాడు. నేనైతే తోలతాను.

ఎడమచేతివాటం (#30)

నేను కూడా తోలతాను, అబద్ధం ఎందుకు.

నియమమే_నియమం (#31)

అందుకే రాసుకోండి: యంత్రం ఎప్పుడూ తనకి అతి దగ్గరున్న బొమ్మ వైపే పోవాలి. రెండు సమాన దూరంలో ఉంటేనే తోలేవాడి ఇష్టం. ఏ యంత్రాన్ని ఎప్పుడు కదపాలన్నది మాత్రం వాడి చేతిలోనే ఉంటుంది, ఆలోచించడానికి ఆపాటి చాలు. యంత్రం పడగొట్టినవాళ్ళ వల్ల ఎవరికీ నిధి రాదు. ఇంకోటి, మోర్డ్‌హైమ్‌లోలాగా ముఠాలో నాలుగింట ఒక భాగం పడిపోయాక, కావాలంటే తప్పుకునే హక్కు ఇవ్వండి. మిగిలినవాళ్ళని ప్రాణాలతో దక్కించుకుని, మిగతా ఆటంతా నాలుగు గోళీలూ యంత్రాలకే వాడుకోవచ్చు.

కార్డుముక్క (#32)

అక్షరం మార్చకుండా పుస్తకంలో ఉన్నది ఆడమన్నది మీరే కదా సార్?

నియమమే_నియమం (#33)

పుస్తకం లేనప్పుడు ఎవరో ఒకరు రాయాలి కదా.

ఆవిరిబండి (#34)

మూడు వారాల తర్వాత వస్తున్నాను. రెండు ఆటలు ఆడాం, నలుగురం.

మొదటిది గందరగోళం. గోళీ తీసేవాడు సంచీలోకి తొంగి చూస్తున్నాడని గొడవ, చివరికి సాక్సులో వేశాం. కదిపిన బొమ్మ ఏదో కదపనిది ఏదో గుర్తుండక రెండుసార్లు వెనక్కి వెళ్ళాం. ఇప్పుడు కదిపిన ప్రతి బొమ్మ పక్కనా ఒక దూది ముక్క పెడుతున్నాం, ఆవిరిలా చూడ్డానికి కూడా బాగుంది. బొగ్గు రూల్‌కి మరుగుజ్జులవాడు మొహం మాడ్చుకున్నాడు. మూడు ఆయుధాలకే బొగ్గు దొరికి, నాలుగోదాన్ని గొడ్డలిలా కాకుండా కర్రలా మోసుకు తిరిగాడు.

రెండో ఆటకి మేస్త్రి గారి మాట విని బల్లంతా నింపేశాం. రెండు వంతెనలు, బాయిలర్ గది, పడిపోయిన పొగగొట్టం. ఫోమ్‌కి జిగురు పూత వేశాకే స్ప్రే కొట్టాను మేస్త్రి గారూ, బతికింది.

మూడో రౌండుకే మా నాలుగోవాడి దండులో నలుగురు పోయారు. ముసలాయన మళ్ళీ వాళ్ళలో ఉన్నాడు, ఆయన జాతకమే అంత. మిగిలిన నలుగురితో తప్పుకుని యంత్రాలు తీసుకున్నాడు. బాయిలర్ గదిలో ఒక తుప్పుపట్టిన సాలీడు ఉంది, ఆరు కాళ్ళది (రెండు అతికించేటప్పుడు పోయాయి). మరుగుజ్జు నాయకుడు నిధిపెట్టె మోసుకుంటూ వంతెన మీద ఉన్నాడు. సాలీడుకి అందరికంటే దగ్గర నా ఇంజనీరమ్మ, దాని వంతు వస్తే ఆవిడ మీదకే రావాలి. వీడు వరసగా రెండు గోళీలు క్రేను మీద ఖర్చుపెట్టి సాలీడుని ముట్టుకోలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. భయపడి నేనే ఇంజనీరమ్మని వెనక్కి జరిపాను. ఆవిడ జరగ్గానే అతి దగ్గరివాడు మరుగుజ్జు అయ్యాడు! మూడో గోళీ వీడిదే పడింది. సాలీడు వంతెన ఎక్కింది. పాచికల్లో మరుగుజ్జుకి 4, సాలీడుకి 19.

శాస్త్రి గారూ, ఆ వందకి 34 అన్నది నమ్ముతున్నాను.

పెట్టె కింద పడింది, మంత్రగత్తె అస్థిపంజరం ఒకటి ఎత్తుకుపోయింది. గెలుపు వాళ్ళది. మరుగుజ్జులవాడు పది నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత సాలీడుని ఫొటో తీసుకున్నాడు.

పాచికలశాస్త్రి (#35)

4 మీద 19. ఆనందబాష్పాలు.

నియమమే_నియమం (#36)

రూల్ ప్రకారం తప్పేమీ లేదు. ఆ ఎర వేసే సంగతి నేను ఊహించలేదని ఒప్పుకుంటున్నాను. ఎవరు అతి దగ్గరో ఎలా కొలిచారు?

ఆవిరిబండి (#37)

బిళ్ళ నుంచి బిళ్ళకి సార్. ముందే రాసుకున్నాం.

కొత్తగా_చేరా (#38)

కాగితం బొమ్మలతో మా తమ్ముడితో మొదటి ఆట ఆడాను. ఫ్యాన్ వేసేసరికి రెండు సైన్యాలూ ఎగిరిపోయాయి. బిళ్ళల కింద బరువుకి ఇనుప వాషర్లు అతికిస్తున్నా.

ఎడమచేతివాటం (#39)

వచ్చే ఆటకి సాలీడు ఎవరి చేతికి రావాలో పాచిక వేసి తేలుద్దామని మరుగుజ్జులవాడు అంటున్నాడు. నేను ఒప్పుకోను, దానికి రంగులు వేస్తున్నది నేను. పోయిన రెండు కాళ్ళు కూడా గడియారం ముక్కలతో చేసి అతికించాను.

@నిప్పురవ్వ గారూ, ఒక సందేహం. నీలం-ఆకుపచ్చ కలిపి పల్చగా చేసిన రంగు తయారుగా ఉంది, చిలుము పట్టినట్టు కనిపించాలని. మొత్తం ఒంటికి పారించేయనా?

నిప్పురవ్వ (#40)

వద్దు వద్దు. పచ్చటి చిలుము రాగికీ ఇత్తడికీ కంచుకీ పడుతుంది, ఇనుముకి పట్టేది తుప్పు. పొట్ట మీది రాగి రేకులకి, గొట్టాలకి మాత్రం పచ్చ వేయండి. అది కూడా నీళ్ళు నిలిచే చోట్లే, రివెట్ల కింద, అతుకుల్లో. కాళ్ళు ఇనుము కాబట్టి వాటికి నారింజ కలిపిన గోధుమ, స్పాంజి ముక్కతో అద్దండి. మోకీళ్ళ దగ్గర ఏదీ వేయకండి, మెరిసే వెండిగానే వదిలేయండి. రోజూ రాసుకునే చోట తుప్పు నిలవదు.

ఆరాక ఫొటో పెట్టండి. ఈసారి మరుగుజ్జు పక్కన నిలబెట్టి.